ఎర్ర గీత కొట్టిన పేర్లు

మొన్నొక పొద్దున తిరుమలగిరి దిక్కు నుంచి ఒక రైతు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో మడతల దగ్గర చిరిగిపోతున్న పాత భూమి కాగితం. తాత పేరు మీది భూమి, కాగితమంతా ఉర్దూ. ముందు వకీలు దగ్గరికి పోయాడట. వకీలు మసీదుకు పంపాడు. మసీదులో పెద్దాయన అటూ ఇటూ తిప్పి చూసి, "అచ్చయితే చదువుత బిడ్డా, గీ చేతిరాత నాతోని కాదు" అని మా ఇంటి గుర్తులు చెప్పాడట. నేను కళ్ళద్దాలు తుడుచుకుని, కిటికీ వెలుతురులోకి జరిగి, కాగితాన్ని మొదటి నుంచి చివరి దాకా ఎక్కడా ఆగకుండా చదివి తెలుగులో చెప్పాను. తూర్పున వాగు, పడమట ఫలానా వాళ్ళ చెలక, ఇట్లా హద్దులన్నీ. రైతు నా నోటి వంకే చూస్తూ, "కోడి గెలికినట్టున్నది సార్, ఎట్ల సదివిన్రు?" అన్నాడు. "మా సారు నేర్పిండు" అన్నాను. పోతూ పోతూ రెండు ఆనపకాయలు అరుగు మీద పెట్టి పోయాడు. వంటింట్లోంచి మా ఆవిడ, "పింఛను కంటె ఈ చదువుకే కూరగాయలు బాగొస్తున్నయి" అంది. మామూలుగా అయితే నవ్వేవాడిని. మసీదు పెద్దాయన అన్న ఆ మాట, అచ్చయితే చదువుత, చేతిరాత నాతోని కాదు అన్న మాట, నేనూ ఒకప్పుడు అన్నాను. ఆయన చదవడం రాక అన్నాడు. నేను చదవడం వచ్చీ అన్నాను.

మా సారును అందరూ మౌల్వీ సాబ్ అనేవారు. హైదరాబాదులో, పిల్లలకు అరబ్బీ చెప్పుకుని బతికే ఇంట్లో పుట్టాడు. అరబ్బీ, ఫారసీ ఆయనకు మంచినీళ్ళ ప్రాయం. పట్నంలో పెద్ద పెద్దవాళ్ళు సందేహాలు తీర్చుకోవడానికి ఆయన ఇంటికి మనుషుల్ని పంపేవారని బీబమ్మ, అంటే ఆయన భార్య, చెప్పేది. బీబమ్మ చెప్పేదాంట్లో సగం తీసేసినా మిగిలింది తక్కువేం కాదు. అక్కడే ఉండి ఉంటే కితాబులు రాసుకుంటూ, శాలువా కప్పుకుని, గౌరవంగా ముసలివాడయ్యేవాడు. నిజాం సర్కారు ఉర్దూ బడిలో నౌకరీ ఇచ్చి కోదాడ పొమ్మన్నారు. ఏడాది ఉండి తిరిగిపోదామనుకుని వచ్చాడట. మొదటి రోజు క్లాసులో పిల్లలు తను చెప్పేదంతా తలలూపుతూ విన్నారు. చివర ఒక ప్రశ్న అడిగితే ఒక్కడికీ ఒక్క ముక్కా అర్థం కాలేదని తేలింది. వీళ్ళకు ఉర్దూ రావాలంటే ముందు తనకు తెలుగు రావాలని ఆయనకు ఆ రోజే తోచింది. కోదాడ ఆంధ్ర పొలిమేర కదా, అటు నుంచి వచ్చి స్థిరపడ్డ ఒక పంతులు దగ్గర తెలుగు నేర్చుకున్నాడు. దాంతో వచ్చిన చిక్కేమిటంటే ఆయన తెలుగు అచ్చం ఆ పంతులు తెలుగే అయింది. గడ్డం, షేర్వానీ, ఎర్ర టోపీ, నోరు విప్పితే "దయచేయండి, భోజనం చేశారా?" అని. మా వైపు వాళ్ళకు నవ్వు ఆగేది కాదు. ఆయన కూడా వాళ్ళతో కలిసి నవ్వేవాడు గాని భాష మాత్రం మార్చుకోలేదు.

ఆయనకొక నల్లట్ట నోటుబుక్కు ఉండేది. బడి మానేసిన పిల్లలు, అసలు బడి మొహమే చూడని పిల్లలు, వాళ్ళ పేర్లు అందులో రాసుకునేవాడు. పిల్లవాడి పేరు, తండ్రి పేరు, ఊరు, ఎందుకు రావడం లేదు, మళ్ళీ ఎప్పుడు పోయి అడగాలి. శుక్రవారం నమాజు కాగానే సైకిలెక్కి ఆ ఊళ్ళకు బయలుదేరేవాడు. పిల్లవాడు వచ్చి బడిలో కూర్చున్న రోజున రూళ్ళకర్ర పెట్టి, ఎర్ర సిరాతో, వాడి పేరు మీద నిదానంగా ఒక గీత కొట్టేవాడు. గీత పక్కన రెండు ముక్కలు రాసేవాడు. వచ్చాడు, పలక తేలేదు. వచ్చాడు, ఏడ్చాడు. ఇట్లాంటివి. గీత కొట్టిన రోజు బీబమ్మతో సేమ్యా చేయించేవాడు కాబట్టి ఎర్ర గీతలంటే మాకందరికీ ఇష్టమే. కోదాడలో ఉన్నప్పుడు మఠంపల్లి పిల్లలు, మిర్యాలగూడకు బదిలీ అయ్యాక నిడమనూరు వైపు పిల్లలు, ఆ తరువాత సూర్యాపేటకు హెడ్మాస్టరుగా వచ్చాక తిరుమలగిరి పిల్లలు. ఊళ్ళు మారాయి గాని నోటుబుక్కు ఒక్కటే.

నా పేరు నిడమనూరు పేజీలో ఉండేది. మాది గొర్రెలు కాసే ఇల్లు. సర్కారు మనిషి వస్తున్నాడంటే మా నాయన మంద వెనక్కి పోయి నిలబడేవాడు. మౌల్వీ సాబ్ మొదటిసారి వచ్చి, "మీ అబ్బాయిని బడికి పంపుతారా?" అని అడిగితే మా నాయన వెనక్కి తిరిగి చూశాడు, తన వెనుక ఇంకెవరన్నా ఉన్నారేమోనని. ఆయనను "మీరు" అన్న మనిషి అప్పటిదాకా లేడు. తేరుకున్నాక, "బడికి పోతే గొర్లెంబడి ఎవడు పోవాలె సాబ్?" అన్నాడు. మౌల్వీ సాబ్ ఆ మాట కూడా బుక్కులో రాసుకుని పోయాడు. మళ్ళీ వచ్చాడు. ఏడుసార్లు వచ్చాడు. ఏడోసారి వచ్చేటప్పటికి ఒక గొర్రె ఈనలేక కొట్టుకుంటున్నది. ఆయన సైకిలు కంపకు ఆనించి, షేర్వానీతోనే మట్టిలో కూర్చుని, మా నాయన పిల్లను బయటికి తీసేదాకా ఆ గొర్రె తల ఒళ్ళో పట్టుకున్నాడు. షేర్వానీ ఇక ఈద్‌కు పనికి రాకుండా పోయింది. మా నాయన చేతులు కడుక్కుంటూ మా అమ్మతో, "ఈ సాయిబు ఇడిసిపెట్టెటట్టు లేడు" అన్నాడు. ఆయన వైపు తిరిగి, "తీస్కపో సాబ్, గొర్లు నేనే కాసుకుంట" అన్నాడు. మా మేనత్త ఇల్లు మిర్యాలగూడలోనే కనుక తిండికి తిప్పలు లేదు. అట్లా పన్నెండేళ్ళు నిండిన తరువాత నేను మొదటిసారి బలపం పట్టాను.

అచ్చు ఉర్దూ రెండేళ్ళలో వచ్చింది. తరువాత ఆయన షికస్తా మొదలుపెట్టాడు. షికస్తా అంటే కచేరీ గుమాస్తాలు గబగబా రాసే గొలుసుకట్టు రాత. అక్షరాలు విరిగి ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి, చుక్కలు ఉండవలసిన చోట ఉండవు. ఆయన నల్లట్ట నోటుబుక్కంతా ఆ రాతే. బడిలో ఎవరికీ నేర్పనిది నాకెందుకని ఏడుపు మొహం పెట్టాను. "అచ్చక్షరం ఈద్ నాటి బట్ట. షికస్తా రోజూ కట్టుకునే లుంగీ. దేశమంతా లుంగీ మీదే నడుస్తున్నది బేటా" అన్నాడు. ఆ తరువాత నవ్వు ఆపి, "మీ నాన్నగారి భూమి కాగితం ఇంకొకడు చదివి చెప్పే అవసరం రాకూడదు. వాడేం చదివితే అదే నిజమనుకోవాల్సి వస్తుంది" అన్నాడు. రెండేళ్ళు పట్టింది. పాత ఉత్తరాలు, హుకుంనామాలు, ఏది దొరికితే అది నా ముందు పెట్టేవాడు. తప్పు చదివితే కోప్పడేవాడు కాదు, మళ్ళీ మొదటికి రమ్మనేవాడు. అది కోప్పడటం కంటే కష్టంగా ఉండేది.

సూర్యాపేటకు పోతూ నన్ను వెంట తీసుకుపోయాడు. అప్పటికి మిడిల్ ప్యాసయ్యాను, చిన్న క్లాసులకు సహాయ ఉపాధ్యాయుడిగా పెట్టించాడు. నలభై ఏడు, నలభై ఎనిమిది ఆ వైపు ఎట్లా గడిచాయో ఇప్పటి పిల్లలకు చెబితే కథ అనుకుంటారు. ఊళ్ళలో దొరల మీద లేచిన సంఘం వాళ్ళు, ఊళ్ళ మీద పడే రజాకార్లు, వెనుకే నిజాం పోలీసులు. ఎవరు ఎవరి మనిషో తెలియక జనం మాట్లాడటమే తగ్గించారు. శుక్రవారాలు సైకిలు వరండాలోనే ఉండేది. మౌల్వీ సాబ్ నోటుబుక్కు తెరిచి తిరుమలగిరి పేర్ల ఎదురుగా "తోవ బాగాలేదు" అని రాసి మూసేవాడు. ఆ పేజీలోనే ఎర్ర గీత కొట్టిన పేర్లు మూడు ఉన్నాయి. ఎప్పుడో బడికి వచ్చి, నాలుగక్షరాలు నేర్చుకుని, పెద్దవాళ్ళయి పొలం పనుల్లో పడినవాళ్ళు. ఆ ఏడాది పోలీసులు ఆ ముగ్గురినీ సంఘం మనుషులని పట్టుకుపోయారు. తిరిగి రాలేదు. ఆ కబురు వచ్చిన రోజు మౌల్వీ సాబ్ క్లాసులో పాఠం చెబుతూ చెబుతూ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు, గంట కొట్టేదాకా ఇటు తిరగలేదు.

ఆ తరువాత పోలీసు చర్య జరిగి నిజాం పాలన పోయింది. బెజవాడ రోడ్డున కోదాడ మీదుగా ఇండియా సైన్యం సూర్యాపేటకు వచ్చింది. నేనూ రోడ్డు మీదికి ఉరికి, గొంతు పోయేదాకా అరిచినవాడినే. అబద్ధమెందుకు, అంత సంతోషం మళ్ళీ నా పెళ్ళి నాడు కూడా కలగలేదు. ఆ పొద్దున మౌల్వీ సాబ్ ఎప్పటిలాగే బడికి వచ్చి, చప్రాసీ లేకపోతే గంట తనే కొట్టాడట. పిల్లలెవరూ రాలేదు. ఖాళీ బడిలో సాయంత్రం దాకా కూర్చుని ఇంటికి పోయాడట. ఈ సంగతి నాకు చాలా రోజుల తరువాత తెలిసింది. ఆ రోజు ఆయన ఎక్కడున్నాడో కనుక్కోవాలని నాకు తోచలేదు.

కొత్త అధికారులు బయటి నుంచి వచ్చారు. మా బడికి వచ్చిన ఇన్స్పెక్టరు కోస్తా మనిషి, తెల్లటి చొక్కా, మంచి మర్యాద. ఆయన చెడ్డవాడని నేననను. ఇక తెలుగులోనే చదువని, ఉర్దూ వాసన అంటని కుర్రవాళ్ళు కావాలని, నన్ను తెలుగు టీచరుగా ఖాయం చేస్తానని భుజం తట్టాడు. అదే వారంలో ఎవరో అర్జీ పెట్టారు. మౌల్వీ దగ్గర ఊళ్ళ మనుషుల పేర్ల జాబితా ఉంది, ఆయన ఎర్ర గీత కొట్టినవాళ్ళే మాయమయ్యారు, నిజాం పోలీసులకు పట్టిచ్చింది ఆయనే అని. బీరువాలో నల్లట్ట నోటుబుక్కు దొరికింది. హోటల్లో చాయ్ తాగుతుంటే పక్కబల్ల మీది మనిషి నన్ను చూస్తూనే, "మౌల్వీతోని తిరిగినోళ్ల పేర్లు గూడ పోలీసులు రాసుకుంటున్నరంట" అన్నాడు. ఆ మాట నాతోనే అన్నాడో, మామూలుగా అన్నాడో ఇప్పటికీ తెలియదు. చాయ్ సగంలో వదిలేసి లేచి వచ్చాను.

మరునాడు హెడ్మాస్టరు గదికి పిలిచారు. మౌల్వీ సాబ్ కుర్చీలో ఇన్స్పెక్టరు కూర్చున్నాడు. మౌల్వీ సాబ్ బల్లకు ఇవతల నిలబడి ఉన్నాడు. ఆయన ఆ గదిలో బల్లకు ఇటు వైపు నిలబడగా నేను ఎన్నడూ చూడలేదు. నోటుబుక్కు తిరుమలగిరి పేజీ దగ్గర తెరిచి ఉంది. ఇన్స్పెక్టరు ఆ మూడు గీతల మీద వేలు పెట్టి, "వీళ్ళు ముగ్గురూ ఏమయ్యారో మీకు తెలుసు గదండీ?" అన్నాడు.

"తెలుసు. నా పిల్లలే" అన్నాడు మౌల్వీ సాబ్. "ఈ గీతలు వాళ్ళు బడికి వచ్చిన రోజున కొట్టినవి. ఎంతో ముందటివి. పక్కనే రాసి ఉంది చూడండి."

"మీరు రాసింది మీరే చదివి చెబితే ఎలాగండీ? మరొకళ్ళు చదవాలి. నాకు ఈ లిపి రాదు."

అది న్యాయమైన మాటే. చదవగల గుమాస్తాల్లో కొందరు అప్పటికే పట్నం పోయారు, మిగిలినవాళ్ళు ఇట్లాంటి పిలుపులు వస్తే జ్వరమని పడుకునేవారు. మౌల్వీ సాబ్ నా వైపు తిరిగాడు. పరీక్షలో మంచి పిల్లవాడిని లేపేటప్పుడు ఉండే ధీమా ఆయన మొహంలో కనిపించింది. "వీడు చదువుతాడండీ. నేనే నేర్పాను" అని నోటుబుక్కు తీసి నా చేతిలో పెట్టాడు.

ఒక్క చూపులో చదివేశాను. మొదటి పేరు పక్కన, వచ్చాడు, తల్లి పెరుగు పంపింది. రెండో పేరు పక్కన, వచ్చాడు, లెక్కల్లో చురుకు. మూడోది, వచ్చాడు, అన్న చొక్కా తొడుక్కొని వచ్చాడు. పైకి చదివితే చాలు. ఆయన మీద నింద అక్కడికక్కడే పోతుంది. కాని నాకు హోటల్లో విన్న మాట గుర్తొచ్చింది. కొన్ని పేజీలు వెనక్కి తిప్పితే ఎర్ర గీత కింద నా పేరూ ఉంటుందని గుర్తొచ్చింది. ఈ రాత చదవగలవాడంటే మౌల్వీకి ఎంత దగ్గరి మనిషో అని అడుగుతారు, ఇస్తానన్న నౌకరీ పోతుంది, ఏమో, నన్నూ పట్టుకుపోతారు. ఇవన్నీ ఒక్కసారే తలలోకి వచ్చాయి. భయపడ్డాను. దానికి ఇంకో పేరు లేదు.

"అచ్చక్షరాలైతే చదువుతానండి. ఈ చేతిరాత నాకు రాదు" అన్నాను.

మౌల్వీ సాబ్ నన్ను చూశాడు. అరుస్తాడనుకున్నాను, అబద్ధమంటాడనుకున్నాను, అనాలని కూడా కోరుకున్నాను. ఆయన నా చేతిలోంచి నోటుబుక్కు నెమ్మదిగా తీసుకుని బల్ల మీద పెట్టి, ఇన్స్పెక్టరుతో, "అవునండీ. కుర్రవాడు. షికస్తా కష్టమే" అన్నాడు.

ఆయనను జైల్లో పెట్టలేదు. విచారణ అని ఇంట్లో కూర్చోబెట్టారు. కొన్ని నెలలకు నౌకరీ లోంచి తీసేసినట్టు కాగితం వచ్చింది. అనుమానం నిజమని అందులో రాయలేదు, అబద్ధమనీ రాయలేదు. బీబమ్మ, రెండు ట్రంకు పెట్టెలు, పుస్తకాల మూటలు, అన్నీ ఒక బండికి ఎత్తించి మిర్యాలగూడలో కూతురి దగ్గరికి పోయాడు. బండి బడి ముందు నుంచే పోయింది. నేను లోపల పిల్లలకు అ ఆలు దిద్దిస్తున్నాను. బండి చప్పుడు వినబడింది, బయటికి రాలేదు. తిరుమలగిరి పిల్లల దగ్గరికి ఆ తరువాత ఎవరూ పోలేదు. నా కాళ్ళకూ సైకిలు అందేది, నేనూ పోలేదు.

ఏడాది ఆగి, ఉండబట్టలేక, ఒక శుక్రవారం మిర్యాలగూడ బస్సెక్కాను. చెప్పేస్తాను, కాళ్ళ మీద పడతాను అని దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. కూతురి ఇంటి వరండాలో నలుగురైదుగురు పిల్లలకు పాఠం చెబుతున్నాడు. మనిషి సగమయ్యాడు. నా గొంతు విని గుర్తుపట్టి, "దయచేయండి" అన్నాడు. అంతకు ముందు నన్ను ఎన్నడూ "మీరు" అనలేదు. పిల్లలను పంపించి, మా నాయన గురించి అడిగాడు, గొర్రెలకు రోగం వచ్చిందట గదా అని అడిగాడు, నా క్లాసులో పిల్లలెందరని అడిగాడు. కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ నా నోటికి రాలేదు. చాయ్ వచ్చింది, తాగాను. వానలు బాగున్నాయా అంటే బాగున్నాయన్నాను. నిజానికి ఆ ఏడు వానలే లేవు.

బీబమ్మ తలుపు చాటు నుంచి ఒక ఉత్తరం పట్టుకుని వచ్చింది. "మా తమ్ముని ఉత్తరం బిడ్డా. వచ్చి ఎనిమిది దినాలైంది. సాబ్‌కు కండ్లు కనిపిస్తలేవు ఇప్పుడు. గీ గల్లీల సదివెటోళ్లు లేరు. జర సదువు" అంది.

మౌల్వీ సాబ్ గబుక్కున చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దు. మీ తమ్ముడు రాసేది షికస్తా. అతన్ని ఇబ్బంది పెట్టకు."

"ఏం మాటలు ఇవి?" అంది బీబమ్మ. "మీరు ఊర్ల మీద తిరిగేటప్పుడు మా తమ్ముని ఉత్తరాలన్ని ఈ పిల్లగాడే గద సదివింది నాకు."

ఆమెకు ఏమీ తెలియదు. సూర్యాపేట గదిలో నేనన్న మాట ఆయన ఇంట్లో భార్యకు కూడా చెప్పలేదు. ఏడాది పాటు, నౌకరీ పోయి, ఊరు విడిచి, కూతురి వరండాలో కూర్చుని కూడా నా అబద్ధాన్ని ఆయన కాపాడుతూ వచ్చాడు.

ఉత్తరం తీసుకున్నాను. చదివాను. తమ్ముడి చిన్న కొడుకుకు జ్వరం తగ్గింది, ఇంటి కప్పు కురుస్తున్నది, అక్కయ్య ఒకసారి వచ్చి పోతే బాగుండును, బావగారి ఆరోగ్యం ఎట్లా ఉంది. ఎక్కడా ఆగలేదు. బీబమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ విన్నది. మౌల్వీ సాబ్ కళ్ళు మూసుకుని, చిన్నప్పుడు నా చదువు వినేటప్పటిలాగే వేలితో మోకాలి మీద మెల్లగా కొడుతూ విన్నాడు. ముగిశాక, "ఒక్కచోట కూడా తప్పు లేదు బేటా" అన్నాడు. అంతే. ఇంకేమన్నా అంటాడని కూర్చున్నాను. "చివరి బస్సు పోతుంది, లే" అన్నాడు.

ఆ సోమవారమే ఇన్స్పెక్టరు కచేరీకి పోయాను, నాకు ఆ రాత చదవడం వచ్చని చెప్పడానికి. ఆయన బదిలీ అయి అప్పటికి మూడు నెలలు. కొత్తాయన ఫైలు మూసేశామన్నాడు. నోటుబుక్కు గురించి అడిగితే గుమాస్తా, పాత ఉర్దూ కాగితాలు ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదన్నాడు. మౌల్వీ సాబ్ ఆ తరువాత నాలుగేళ్ళు బతికాడు. నేను పోతూనే ఉన్నాను, ఉత్తరాలు చదివి పెడుతూనే ఉన్నాను. ఆ సంగతి ఆయన ఎత్తలేదు, నన్ను ఎత్తనివ్వలేదు. చదువుకు ఆలస్యమనేది లేదు, ఏ వయసులో మొదలుపెట్టినా చదువే అని ఆయన ఊరూరా తిరిగి చెప్పేవాడు. చదువు సంగతి నిజమే. సాక్ష్యం మాత్రం దాని గడియ దాటితే, ఎంత తప్పు లేకుండా చదివినా, వట్టి ఉత్తరం చదివినట్టే.